సిప్రాస్ ముందుగా కేసరియానికే ఎందుకు వెళ్లారు?

2015 జనవరి 26న గ్రీసు ప్రధానిగా ప్రమాణం చేసిన అలెక్సిస్ సిప్రాస్ నేరుగా ఏథెన్స్ శివారు కేసరియానికి వెళ్లి, అక్కడి పాత తుపాకీ శిక్షణ మైదానంలో ఎర్ర గులాబీలు ఉంచారు. అప్పుల మీద జర్మనీతో పేచీ ముదిరిన రోజులవి. ఆ పూలు ఎవరికోసమో గ్రీకులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఏథెన్స్‌కు తూర్పున ఇమిత్తోస్ కొండ వాలులో ఉంటుంది కేసరియాని. కొండ మీది మఠం 11వ శతాబ్దానిదైనా, ఊరికి మాత్రం నూరేళ్లే. 1922లో ఆసియా మైనర్‌లో (నేటి టర్కీ) గ్రీకు సైన్యం ఓడింది, అక్కడి రేవు నగరం స్మిర్నా తగలబడింది. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో గ్రీసు, టర్కీల మధ్య కుదిరిన ఒప్పందం మతాన్ని బట్టి జనాన్ని అటూ ఇటూ మార్చేసింది. సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు తాతలనాటి ఇళ్లు వదిలి గ్రీసు చేరారు. వాళ్లలో కొందరు ఈ వాలులో గుడారాలు, పాకలు వేసుకున్నారు. పేటకు కొండ మీది మఠం పేరే వచ్చింది. స్థానికుల్లో వాళ్లను ‘టర్కీ విత్తనం’ అని ఈసడించినవాళ్లూ ఉన్నారు. పేదరికంతో పాటు ఈ చీత్కారమూ ఆ పేటను కమ్యూనిస్టుల వైపు నడిపిందని నా నమ్మకం. నాజీ ఆక్రమణలో అది ప్రతిఘటనకు కంచుకోట.

1944 ఏప్రిల్ 27న దక్షిణాన లకోనియాలో గెరిల్లాలు జర్మన్ జనరల్ ఫ్రాంజ్ క్రెఖ్‌ను చంపారు. ప్రతీకారంగా మే 1న ఏథెన్స్ దగ్గరి నాజీల నిర్బంధ శిబిరం హైదారి నుంచి 200 మందిని లారీల్లో తెచ్చి ఈ మైదానంలో కాల్చేశారు. వాళ్లలో ఎక్కువమంది యుద్ధానికి ముందే గ్రీకు నియంత మెటాక్సాస్ ప్రభుత్వం జైల్లో పెట్టిన కమ్యూనిస్టులు. క్రెఖ్ హత్యతో వాళ్లకు సంబంధమే లేదు. వాళ్లను ఆక్రమణదారుల చేతికి వదిలేసింది గ్రీకు పాలకులే. ఈ నిజం తప్పించి జర్మన్ తుపాకుల గురించే మాట్లాడితే కథ సగమే చెప్పినట్టు.

శిబిరంలో దుబాసీగా ఉన్న ఖైదీ నెపోలియన్ సుకాట్జిడిస్ కూడా నేటి టర్కీలోని బుర్సాలో పుట్టి, శరణార్థిగా వచ్చినవాడే. జాబితాలో అతని పేరు చూసి తప్పిస్తానన్నాడు జర్మన్ కమాండర్. తన బదులు ఇంకొకరు చావాల్సి వస్తుందని తెలిసి అతను ఒప్పుకోలేదు. దారి పొడవునా ఖైదీలు ఇంటివాళ్లకు చీటీలు రాసి లారీల్లోంచి విసిరారు.

1960లో పశ్చిమ జర్మనీ నాజీ బాధితుల కోసం 11.5 కోట్ల మార్కులు ఇచ్చేందుకు ఒప్పుకుంది. 1990 నాటి జర్మనీ ఏకీకరణ ఒప్పందంతో ఇక లెక్క ముగిసిందన్నది బెర్లిన్ వాదన. గ్రీసు దాన్ని అంగీకరించలేదు. యుద్ధ నష్టపరిహారం అడగాలని 2019 ఏప్రిల్‌లో గ్రీకు పార్లమెంటు తీర్మానించింది.