పాయింట్ టూటూ తూటాలు ఏళ్ళ తరబడి దాచాలంటే

2012 చివర్లో అమెరికాలో గన్ చట్టాలు టైట్ చేస్తారేమో అన్న భయం మొదలయ్యాక పాయింట్ టూటూ (.22) అనే చిన్న రైఫిల్ తూటాలు షాపుల్లో దొరకడం గగనమైపోయింది, 2013 అంతా అదే కథ, స్టాక్ వచ్చింది వచ్చినట్టే జనం పట్టుకుపోయారు. అలా కొన్న డబ్బాలు చాలామంది గ్యారేజీలోనో అటక మీదో పడేస్తారు. పద్ధతిగా దాస్తే ఈ తూటాలు పదుల ఏళ్ళు పనిచేస్తాయి, అందులో డౌట్ లేదు, కానీ గ్యారేజీ మాత్రం వాటికి సరైన చోటు కానే కాదు. ఎందుకో తెలియాలంటే ముందు తూటా లోపల ఏముందో చూడాలి.

పెద్ద రైఫిల్ తూటాకి అడుగున నట్టనడుమ ప్రైమర్ అని, దెబ్బ తగలగానే మంట పుట్టించే చిన్న కప్పు విడిగా ఉంటుంది. పాయింట్ టూటూ రిమ్‌ఫైర్ రకం, అంటే అంచు మీద దెబ్బ పడితే పేలేది, అందులో ఆ కప్పు ఉండదు. ఇత్తడి కేస్ అడుగు అంచు చుట్టూ కాస్త ఉబ్బి లోపల బోలుగా ఉంటుంది, అందులో తడి ప్రైమింగ్ మిశ్రమం వేసి గిర్రున తిప్పితే అది అంచంతా సర్దుకుంటుంది, తర్వాత ఆరబెడతారు. గన్‌లోని పిన్ వచ్చి ఆ పల్చటి అంచుని చితక్కొట్టగానే ఆ మిశ్రమం అంటుకుంటుంది. కాల్చేసిన ఖాళీ కేస్ తిరగేసి చూడండి, అంచు మీద చిన్న నొక్కు స్పష్టంగా కనిపిస్తుంది. 1857 నాటి .22 షార్ట్ నుంచీ 1887లో వచ్చిన .22 లాంగ్ రైఫిల్ దాకా పద్ధతి ఇదే. ముందున్న సీసం బుల్లెట్ మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు, పైన మైనం లాంటి పూత. మిలటరీ తూటాల్లో బుల్లెట్‌కీ కేస్‌కీ మధ్య వార్నిష్ సీల్ వేస్తారు, వీటికి మామూలుగా అది ఉండదు, కేస్ మూతిని బుల్లెట్ చుట్టూ బిగించి వదిలేస్తారు. చెమ్మ గానీ నూనె గానీ లోపలికి దూరడానికి ఆ సందు చాలు.

ఇక కేస్ లోపల మండి బుల్లెట్‌ని తోసే తుపాకి మందు సంగతి. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే తయారుచేసిన పొగలేని మందుకి మూలం నైట్రోసెల్యులోజ్, ఇప్పటికీ అదే. అది ఊరికే కూర్చున్నా మెల్లమెల్లగా విరిగి నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతుంది, ఆ వాయువులు పోయి మిగతా మందుని ఇంకా తొందరగా విరగ్గొడతాయి. తూలోన్ రేవులో 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే ఫ్రెంచి యుద్ధనౌకలు ఇలా పాడైన మందు వల్లే పేలిపోయి వందల మంది నావికులు చచ్చిపోయారు. ఇప్పుడు మందులో డైఫెనైలమీన్ లాంటి స్టెబిలైజర్ కలుపుతారు, అది ఆ వాయువుల్ని పట్టేసుకుంటూ తను ఖర్చయిపోతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది. ఒక్కో పాయింట్ టూటూలో మందు గ్రాములో పదో వంతు అటూ ఇటూ, కాబట్టి ఇంట్లో పెట్టె ఓడలా పేలుతుందని కాదు, కానీ టెక్సాస్ ఎండాకాలంలో 50 డిగ్రీలు దాటే అటక మీద పెడితే దాని ఆయుష్షు మీరే తగ్గిస్తున్నట్టు, పైగా బుల్లెట్ మీది మైనం కూడా మెత్తబడి కారుతుంది.

నాకు బాగా ముఖ్యం అనిపించేది మాత్రం గాలిలో ఉండే వాయువుల గొడవ, దీని మూలం మన దేశంలోనే ఉంది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ వర్షాకాలంలో గుర్రపుశాలల్లో పెట్టిన తూటాల ఇత్తడి కేసులు ఎవరూ ముట్టుకోకుండానే పగిలిపోయేవి. 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు అసలు కారణం తేల్చారు: గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, చెమ్మ, కేస్‌ని సాగదీసి చేసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే పగులు. ఇప్పుడు ఇంట్లో గుర్రాలు లేకపోయినా అమ్మోనియా ఉన్న ఫ్లోర్ క్లీనర్లు, బ్యారెల్‌లో రాగి మరకలు వదిలించే సాల్వెంట్లు ఉన్నాయి కదా, వాటి పక్కన తూటాలు పెట్టొద్దు. తోలు బెల్టులో ఏళ్ళకేళ్ళు వదిలేస్తే ఇత్తడికి పచ్చగా చిలుము పడుతుంది. ఓక్ చెక్క పెట్టెలో పెడితే చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం మీద తెల్లటి పొడి తేలుతుంది, అది విషం, చేతికి అంటనివ్వకూడదు.

కాబట్టి ఇంటి లోపల, ఏడాదంతా చల్లగా ఒకేలా ఉండే గదిలో, తాళం వేసిన అల్మారాలో, గన్‌కి దూరంగా, పిల్లలకి అందకుండా పెట్టాలి. కంపెనీ అట్టపెట్టెల్లోంచి తీయకుండా అలాగే రబ్బరు గాస్కెట్ ఉన్న స్టీల్ డబ్బాలో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి మూయండి. ముసురు పట్టిన రోజు మూస్తే ఆ చెమ్మని కూడా లోపలేసి సీల్ చేసినట్టే, పొడి రోజు చూసుకోండి. చల్లటి గదిలోంచి డబ్బా బయటికి తెచ్చిన వెంటనే తెరవకండి, కాసేపు బయటి వేడికి అలవాటు పడనివ్వండి, లేకపోతే తూటాల మీద నీరు పడుతుంది. మెరుస్తాయని నూనె స్ప్రేలు అస్సలు కొట్టొద్దు, అవి సందులోంచి దిగి ప్రైమింగ్‌ని చంపేస్తాయి. డబ్బా మీద కొన్న సంవత్సరం రాసి, పాతవి ముందు వాడండి.

మన దగ్గర ఇన్ని దాచే అవకాశం ఎలాగూ లేదు, ఎన్ని ఉంచుకోవచ్చో లైసెన్స్ మీదే రాసి ఉంటుంది, కానీ హైదరాబాద్ రైఫిల్ షూటర్లకీ వేడి, చెమ్మ విషయంలో ఇదే వర్తిస్తుంది.

పాత తూటా ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా అంటుకునే ఛాన్స్ ఉంటుంది. తర్వాత బయటికి తీసి, జేబులోనో చెత్తబుట్టలోనో వేయకుండా షూటింగ్ రేంజ్ వాళ్ళకి అప్పజెప్పండి.