కరెంటు కారు ఘాటీ ఎక్కుతుందా? సిమిలిగుడ షెడ్డు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

సాలూరు నుంచి సుంకి ఘాటీ కొండదారి ఎక్కి ఒడిశాలోని కొరాపుట్ వైపు వచ్చే బళ్లకు దారిలో దొరికే మెకానిక్ షెడ్డుల్లో మాదొకటి. మా మేనమామ దగ్గర అంబాసిడర్ కాంటాక్ట్ పాయింట్లు రుద్దుతూ, పద్మిని కారుకు ట్యాపెట్లు సెట్ చేస్తూ పని నేర్చుకున్నాను. ఇప్పుడు నెలకు నాలుగైదు కరెంటు కార్లు కూడా మా గుమ్మంలోకి వస్తున్నాయి. కొనే ముందు అడిగిపోదామని వచ్చేవాళ్లు అంతకంటే ఎక్కువ. జయపురం, సునాబేడ, దామంజోడి నుంచి మన తెలుగువాళ్లే చాలామంది వస్తారు. వాళ్లందరిలో నేను గమనించింది ఒక్కటే. భయపడేది ఒకదానికి, దెబ్బ తినేది వేరొకదానికి. అందుకే ఇది రాయాలనిపించింది.

అపోహ: కరెంటు కారు ఘాటీ ఎక్కలేదు. మధ్యలో ఆగిపోతుంది.

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. "ఒరే అల్లుడూ, నలుగురం కూచుంటే సుంకి మలుపులు ఎక్కుతాదేటిరా అది?" అని మొన్న ఒక మావయ్య అడిగాడు. ఎక్కుతుంది. పెట్రోలు కారు కంటే సులువుగా ఎక్కుతుంది.

పెట్రోలు ఇంజను గాలి పీల్చి బతికేది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో లేని ఇంజనుకు ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం బలం తగ్గుతుంది. కొరాపుట్ ఎత్తు సుమారు 870 మీటర్లు కాబట్టి, విశాఖలో ఉన్న బలంలో దాదాపు పదోవంతు ఇక్కడికి వచ్చేసరికి ఉండదు. అంబాసిడర్ రోజుల్లో గాలినీ పెట్రోలునూ కలిపే కార్బరేటరును కింద ట్యూన్ చేస్తే, అది ఇక్కడ పెట్రోలు ఎక్కువ తాగి ప్లగ్గుల్ని మసి చేసేది. ఏప్రిల్, మే నెలల్లో ఘాటీ మధ్యలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బండి నిలబడిపోయేది. పంపు మీద తడిగుడ్డ కప్పి, చెట్టు నీడన అరగంట కూచుంటే గానీ మళ్లీ అందుకునేది కాదు. ఈ దారిలో బండి నడిపిన పాత డ్రైవర్లలో ఆ గుడ్డ గుర్తులేనివారు ఉండరు. మోటారుకు గాలితో పని లేదు. ఆగిన చోటు నుంచి కదిలే మొదటి క్షణంలోనే దాని పూర్తి లాగుడు చక్రానికి అందుతుంది. ముందు లారీ ఆగి, వెనక బస్సు హారన్ కొడుతున్న మలుపులో క్లచ్చు కాలే వాసన అనేదే ఉండదు.

అసలు అడగాల్సింది ఎక్కుతుందా అని కాదు, ఎక్కడానికి ఎంత కరెంటు పోతుందని. సాలూరు ఎత్తు సుమారు 120 మీటర్లు. అంటే 750 మీటర్లు పైకి లాగాలి. మనుషులతో కలిపి 1,700 కిలోల బండిని అంత ఎత్తుకు చేర్చడానికి మూడున్నర యూనిట్ల కరెంటు కావాలి. మామూలు రోడ్డు ఖర్చు కాకుండా ఇది అదనం. 2020లో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 యూనిట్లు. అందులో ఎనిమిదో వంతు కంటే కాస్త తక్కువ కొండకే సరి. కాబట్టి సాలూరులో మీటరు 20 శాతం చూపిస్తుంటే "దగ్గరే కదా" అని ఘాటీ ఎక్కవద్దు. మీటరు మీద కనిపించే కిలోమీటర్లు మీరు అంతవరకూ నడిపిన చదును రోడ్డును బట్టి వేసిన లెక్క. రాబోయే కొండ సంగతి దానికి తెలియదు.

దిగేటప్పుడు ఆ కరెంటులో కొంత వెనక్కి వస్తుంది. కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీయగానే మోటారే జనరేటరై బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీ నింపుతుంది. ఎక్కేటప్పుడు కొండ తిన్న దాంట్లో సగం, జాగ్రత్తగా దించితే ఇంకాస్త ఎక్కువ తిరిగి వస్తుంది. పెట్రోలు కారులో అదంతా బ్రేకు డ్రమ్ముల్లో వేడిగా పోయేది.

ఇక్కడ ఒక జాగ్రత్త, దీన్ని ఎవరూ చెప్పరు. కొరాపుట్‌లోనో సునాబేడలోనో రాత్రంతా 100 శాతం చార్జి పెట్టి తెల్లారి ఘాటీ దిగకండి. నిండిన బిందెలో నీళ్లు పట్టవు కదా. బ్యాటరీ నిండుగా ఉంటే మోటారు బ్రేకు సరిగ్గా పట్టదు. నిన్నటిలా ఆగుతుందనుకుని కాలు తీస్తారు, బండి జారుతూనే ఉంటుంది. పైనుంచి బయల్దేరేవాళ్లు 85, 90 శాతం దగ్గర ఆపేయండి.

అపోహ: న్యూట్రల్ చేసి దింపితే పెట్రోలు మిగులుతుంది.

ఇది పెట్రోలు బళ్ల అపోహ. ప్రాణాలు తీసే అపోహ. ఇంజను ఆపేసి, తాళం చెవి తిప్పేసి సుంకి దింపిన డ్రైవర్లను నా కళ్లతో చూశాను. ఇంజను ఆగితే బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లతో అయిపోతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. న్యూట్రల్‌లో ఇంజను తిరుగుతున్నా బరువంతా బ్రేకుల మీదే. అవి కాలి, ఆయిల్ మరిగి, పెడల్ నేలకు తగిలిందంటే ఆ మలుపులో ఇక చేసేదేమీ లేదు.

పైగా పెట్రోలు మిగలదు. కార్బరేటరు పోయి కంప్యూటరుతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ వచ్చాక, గేరులో ఉంచి కాలు తీస్తే కంప్యూటరు పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తేనే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు పోయాల్సి వస్తుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగమని మా మేనమామ చెప్పిన మాట ఇప్పటికీ అంతే నిజం.

అపోహ: వానలో షాకు కొడుతుంది.

బ్యాటరీ పెట్టెకు సాధారణంగా ఐపీ67 రక్షణ ఉంటుంది. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి చూసే పరీక్ష అది. లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే సిస్టమ్ కనిపెట్టి హెచ్చరిస్తుంది, అవసరమైతే లైను తెంపేస్తుంది. శ్రావణంలో మా దగ్గర రోజుల తరబడి ముసురు పడుతుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తడిసి నిలిచిపోయిన పాత బళ్లకు గుడ్డతో తుడిచీ తుడిచీ మా వేళ్లు నానిపోయేవి. అలా తడికి మొండికేసిన కరెంటు కారు ఇంతవరకూ మా షెడ్డుకు రాలేదు.

వచ్చినవి వేరే దెబ్బతో వచ్చాయి. బ్యాటరీ కారు పొట్ట కింద ఉంటుంది. పొలాల బాటలో, ఊరి చప్టా దగ్గర పైకి తేలిన బండరాయి అక్కడ తగిలితే అది చిన్న గీత కాదు. కింద దబ్బుమని చప్పుడైతే ఆగి, బండిని ర్యాంపు ఎక్కించి పెట్టె నొక్కుకుపోయిందేమో చూపించండి. నొక్కుకుపోతే కంపెనీ వాళ్లు చూసేదాకా చార్జింగ్ పెట్టకండి. వాగు పొంగి రోడ్డు మీద పారుతుంటే మాత్రం ఏ కారైనా ఒకటే, ఆగిపోవాలి.

అపోహ: మెయింటెనెన్సే ఉండదు.

ఇంజన్ ఆయిల్, ప్లగ్గులు, క్లచ్చు, సైలెన్సరు ఉండవు, నిజమే. కానీ రోడ్డు మీద ఆగిపోయాయని నాకు ఫోన్ చేసే కరెంటు కార్లలో ఎక్కువ ఒకే కారణంతో ఆగుతాయి. పెద్ద బ్యాటరీ కాదు, చిన్న 12 వోల్టుల బ్యాటరీ. లైట్లు, తాళాలు, కంప్యూటరు అన్నీ దాని మీదే నడుస్తాయి. పెద్ద బ్యాటరీని మేల్కొలిపేది కూడా అదే. అది చచ్చిపోతే లోపల 90 శాతం చార్జి ఉన్నా కారు కదలదు. ఊరెళ్లి నెల రోజులు బండి వదిలేసేవాళ్లకు ఇది ఎక్కువగా జరుగుతుంది.

తర్వాత టైర్లు. అదే సైజు పెట్రోలు కారు కంటే ఇది బరువు, పైగా ఒక్కసారిగా లాగుతుంది. గాలి వారానికోసారి చూడండి. టైర్లు త్వరగా అరిగిపోయాయని వచ్చేవాళ్లలో చాలామంది గాలి పట్టించుకోనివాళ్లే. బ్రేకులకు దీనికి తిరగబడ్డ జబ్బు. ప్యాడ్లు అరగవు. వాడకం లేక మా వానల్లో డిస్కులు తుప్పు పట్టి, కాలిపర్ పిన్నులు బిగుసుకుపోతాయి. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించాలి. బ్యాటరీని చల్లబరిచే కూలెంట్ ఉన్న కారైతే కంపెనీ చెప్పిందే పోయించాలి. కుళాయి నీళ్లు పోసిన బండి ఒకటి చూశాను, బాధేసింది.

అపోహ: ఐదేళ్లకు బ్యాటరీ పోతుంది.

మన దేశంలో చాలా కార్ల బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇచ్చారు. అది ఒక్కరోజులో చచ్చిపోయే వస్తువు కాదు, ఏటా కొంచెం కొంచెం తగ్గుతుంది. దాన్ని తినేసేవి వేడి, ఎప్పుడూ నిండుగా ఉంచడం, ఎప్పుడూ అడుగంటించడం. మన కొండల చల్లదనం దానికి మేలే.

అపోహ: ఇంట్లో ప్లగ్గుంటే చాలు.

ఇది నన్ను నిద్రపోనివ్వని విషయం. కారు కొనేటప్పుడు రంగు గురించి పది ప్రశ్నలు అడుగుతారు, ఇంటి వైరింగ్ గురించి ఒక్కటీ అడగరు.

15 ఆంపియర్ల ప్లగ్గు మీద పెట్టే చార్జరు దాదాపు మూడు కిలోవాట్లు లాగుతుంది. గీజరూ అంతే లాగుతుంది కదా అంటారు. గీజరు పావుగంటలో ఆగిపోతుంది. ఇది ఎనిమిది, పది గంటలు ఆగకుండా లాగుతుంది. పాత ఇళ్లలో సన్నటి వైరు, వదులైన సాకెట్టు, దానికి తోడు ఎక్స్‌టెన్షన్ బాక్స్. మా వీధిలోనే ఒక ఇంట్లో తెల్లారేసరికి ఆ బాక్స్ కరిగి గోడ నల్లబడింది. అదృష్టం, పక్కన గడ్డివాము లేదు. మెయిన్ బోర్డు నుంచి నేరుగా వేరే వైరు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది, దానికి విడిగా ఎంసీబీ (లోడు మించితే ఆపేసే స్విచ్చి), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) పెట్టించండి. మంజూరైన లోడు కూడా పెంచమని దరఖాస్తు ఇవ్వండి.

ఇక ఎర్తింగ్. "కొత్త కారే, చార్జి ఎక్కడం లేదు" అని వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి మందు కారులో లేదు, ఇంటి పెరట్లో ఉంది. ఎర్త్ సరిగ్గా లేకపోతే చార్జరు మొదలవదు. అది దాని తప్పు కాదు, మిమ్మల్ని కాపాడుతోంది. మా నేల రాతినేల, ఎర్రమట్టి. వేసవిలో ఎండిపోతే ఎర్త్ పట్టదు. గొయ్యి లోతుగా తీసి, ఉప్పు, బొగ్గు వేసి, ఎండాకాలం రోజూ ఒక బిందె నీళ్లు పోస్తే చాలా ఇళ్లలో సమస్య తీరింది. ఎర్త్ పిన్నులో ఏదో గుచ్చి చార్జరును మోసం చేసే కుర్రాళ్లున్నారు. దయచేసి వాళ్లను మీ గుమ్మం ఎక్కనివ్వకండి.

అపోహ: మనది మాచ్‌ఖండ్ నీళ్ల కరెంటు, కాబట్టి పొగే లేదు. / అదంతా బొగ్గు కరెంటు, కాబట్టి లాభమే లేదు.

రెండూ వింటాను, ఒకే టీ బల్ల మీద. మాచ్‌ఖండ్, ఎగువ కొలాబ్ మన పక్కనే ఉన్నా గ్రిడ్ ఒక్కటే. చెరువులో పడ్డ నీళ్లను ఇది ఏ వాగుదని చెప్పలేం. దేశంలో సగటున ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. చార్జింగ్‌లో పోయేది కూడా కలిపి కిలోమీటరుకు 0.15 యూనిట్ వేసుకుంటే 105 గ్రాములు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారైతే కిలోమీటరుకు 153 గ్రాములు. బ్యాటరీ తయారీలో వెలువడేది అదనంగా ఉంటుంది కాబట్టి కొన్నాక పదుల వేల కిలోమీటర్లు తిరిగితే గానీ ఆ బాకీ తీరదు. తక్కువే, కానీ సున్నా కాదు.

డబ్బు లెక్కా ఇలాంటిదే. యూనిట్ ఆరు రూపాయలు, పెట్రోలు నూరు రూపాయలు అనుకుంటే కిలోమీటరుకు అయిదుముప్పావు దాకా మిగులుతుంది. కారు ధరలో తేడా నాలుగు లక్షలైతే సుమారు 70 వేల కిలోమీటర్లు తిరగాలి. రోజూ జయపురం, కొరాపుట్ మధ్య తిరిగేవారికి ఇది మంచి బేరం. పండక్కి మాత్రమే విజయనగరం వెళ్లొచ్చే పెద్దాయనకు ఉన్న పెట్రోలు కారునే బాగు చేయించుకోమని చెప్పి పంపాను.

అపోహ: పాత కారు ఇనుము, కొత్తది రేకు.

అంబాసిడర్ అంటే నాకు ప్రాణం. అయినా చెప్పాల్సింది చెప్పాలి. గుద్దినప్పుడు ముందు భాగం నలిగితేనే ఆ దెబ్బ లోపలి మనిషిదాకా రాదు. నలగని కారులో నలిగేది మనిషి. స్టీరింగ్ రాడ్డు నేరుగా గుండెకు ఎదురుగా ఉండే ఆ బళ్లలో ఎయిర్‌బ్యాగ్ లేదు. పాత బండి ఉన్నవాళ్లు ఇంకో విషయం గమనించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆనాటి రబ్బరు గొట్టాలు, కార్క్ ప్యాకింగులు దానికి మెత్తబడి కారతాయి. గొట్టాలన్నీ కొత్తరకం రబ్బరువి వేయించండి. నెలల తరబడి ట్యాంకులో అదే పెట్రోలు ఉంచకండి, తేమ పీల్చుకుంటుంది.

కరెంటు కారు నిన్నగాక మొన్న పుట్టిందనేవాళ్లకు ఒక్క మాట. గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటిన మొదటి కారు కరెంటుదే, 1899లో, ఫ్రాన్స్‌లో. అప్పట్లో పెట్రోలు కారును హ్యాండిల్ వేసి తిప్పాలి. అది ఎదురు కొడితే మణికట్టు విరిగేది. 1912లో కాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టర్ వచ్చాక పెట్రోలు కారుకు ఆ కష్టం తీరింది. ఆ స్టార్టరు కూడా కరెంటు మోటారే.

చివరగా నా తోటి మెకానిక్కులకు. నారింజ రంగు కేబులు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. చాలా కార్లలో అందులో 300 వోల్టుల పైమాటే, అదీ డీసీ, తగిలితే ప్రాణాలు తీయగలదు. ట్రైనింగ్ లేకుండా ముట్టుకోవద్దు. ట్రైనింగ్ ఉన్నవాళ్లు పెద్ద బ్యాటరీ లైనును తెంపే సర్వీస్ ప్లగ్గు తీశాక కంపెనీ చెప్పినంతసేపు ఆగి, మీటరు పెట్టి సున్నా చూశాకే పని మొదలుపెట్టాలి. మా షెడ్డులో కుర్రాడు 1000 వోల్టుల రబ్బరు గ్లౌజులోకి గాలి పట్టి, దాని నోరు మడిచి, చెవి దగ్గర పెట్టుకుని ఎక్కడైనా గాలి పోతోందా అని వింటాడు. రోజూ, ప్రతి బండికీ. అలా విన్నాక వాడు తల ఊపితేనే నేను బానెట్ ఎత్తుతాను.