చైనా క్షిపణులు అమెరికాకు ఎంత ముప్పు?

2021 వేసవిలో వాణిజ్య ఉపగ్రహాల చిత్రాలను జల్లెడ పడుతున్న అమెరికన్ పరిశోధకులకు, చైనా వాయవ్య ప్రాంతంలోని గాన్సు రాష్ట్రంలో, యూమెన్ దగ్గరి ఎడారిలో గాలి నింపిన పెద్ద పెద్ద గుడారాలు కనిపించాయి. ఒక్కోదానికీ మధ్య దూరం దాదాపు 3 కిలోమీటర్లు. వాటి చాటున తవ్వుతున్నవి ఖండాంతర క్షిపణులను నిలబెట్టే లోతైన గోతులు, అంటే సైలోలు. అక్కడ దాదాపు 120 లెక్క తేలాయి. కొద్ది వారాల్లోనే షిన్‌జియాంగ్‌లోని హమీ దగ్గర ఒకటి, ఇన్నర్ మంగోలియాలోని ఓర్దోస్ దగ్గర ఇంకొకటి, అలాంటి క్షేత్రాలే బయటపడ్డాయి. మూడింటిలో కలిపి దాదాపు 320 సైలోలని స్వతంత్ర పరిశోధకుల అంచనా. అంతకు ముందు నాలుగు దశాబ్దాలూ చైనా నెట్టుకొచ్చింది దాదాపు ఇరవై సైలోలతోనే.

అమెరికా నగరాలను అణుబాంబుతో కొట్టగల శక్తి చైనాకు కొత్తగా వచ్చిందేమీ కాదు. 1980 మేలో డీఎఫ్-5 క్షిపణిని పసిఫిక్‌లోకి పూర్తి దూరం ప్రయోగించి చూపినప్పటి నుంచీ అది ఉంది. మారిందల్లా ఆ శక్తి ఎంత వేగంగా పనిచేస్తుంది, శత్రువు ముందుగా దాడి చేస్తే అందులో ఎంత మిగులుతుంది అన్నవే. ముప్పును కొలవాల్సింది ఇక్కడే. వార్‌హెడ్ల (క్షిపణి మొనకు అమర్చే బాంబుల) సంఖ్య ఒక్కటే చూస్తే అమెరికా చాలా పైన ఉంది. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి 2025 అంచనా ప్రకారం అమెరికా సైన్యం నిల్వలో 3,700 వార్‌హెడ్లు ఉంటే చైనా దగ్గర 600 ఉన్నాయి. కాకపోతే 2020లో అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ చైనాకు కట్టిన లెక్క 200 పైచిలుకే. 2030 నాటికి అవి 1,000 దాటుతాయని ఇప్పుడు చెబుతోంది.

1964 అక్టోబరు 16న లోప్‌నూర్‌లో తొలి అణుపరీక్ష జరిపిన రోజునే, అణ్వస్త్రాన్ని ముందుగా తాము వాడబోమని చైనా ప్రకటించింది. ఆ విధానానికి తగ్గట్టే ఆయుధాలనూ ఉంచింది. శాంతి సమయంలో వార్‌హెడ్లు ఒకచోట, క్షిపణులు ఇంకోచోట ఉండేవి. డీఎఫ్-5ది ద్రవ ఇంధనం. యూడీఎంహెచ్ అనే హైడ్రజీన్ రకం ఇంధనం ఒక ట్యాంకులో, నైట్రోజన్ టెట్రాక్సైడ్ ఇంకో ట్యాంకులో ఉంటాయి. ఈ రెండూ కలిస్తే నిప్పు అక్కర్లేదు, వాటంతటవే అంటుకుంటాయి. రెండూ విషమే. అందుకే ప్రయోగానికి కాస్త ముందు మాత్రమే ఇంధనం నింపడం ఆనవాయితీ. ఆ సమయమంతా క్షిపణి కదలకుండా శత్రువుకు గురిగా నిలబడి ఉండాల్సిందే.

ఇలాంటి ఇంధనాన్ని క్షిపణిలో నింపి ఉంచితే ఏమవుతుందో అమెరికాకు అనుభవమే. 1980 సెప్టెంబరు 18న అర్కాన్సాస్‌లోని డమాస్కస్ దగ్గర టైటాన్-2 సైలోలో పనిచేస్తున్న ఒక సిబ్బంది చేతిలోని పానా నుంచి సాకెట్ జారిపోయింది. బరువు నాలుగు కిలోలైనా లేదు. పాతిక మీటర్ల లోతుకు పడి, ఎగిరి, ఇంధనపు ట్యాంకుకు చిల్లు పెట్టింది. గంటల తర్వాత, మర్నాటి తెల్లవారుజామున పేలుడు జరిగి 740 టన్నుల సైలో మూత ఎగిరిపోయింది. ఒకరు చనిపోయారు. 9 మెగాటన్నుల వార్‌హెడ్ బయటికి విసిరేసినట్టు వెళ్లి పడింది, అదృష్టవశాత్తూ పేలలేదు.

ఘన ఇంధనంతో ఈ బాధ లేదు. రబ్బరులాంటి ముద్దగా మోటారులోనే పోతపోసి ఉంటుంది, ఏళ్ల తరబడి అలాగే ఉంచవచ్చు, మీట నొక్కిన నిమిషాల్లో లేస్తుంది. ఎడారిలోని కొత్త సైలోలు ఈ రకం క్షిపణులకే. ఈ సైలోల్లో వందకు పైగా వాటిలో ఇప్పటికే క్షిపణులు పెట్టి ఉంటారని పెంటగాన్ భావిస్తోంది.

సైలోల మధ్య ఆ 3 కిలోమీటర్ల ఎడం లెక్క చూసి పెట్టిందే. ఒక్క వార్‌హెడ్ పేలి పక్కపక్కనున్న రెండు సైలోలను పాడుచేయకూడదు. గట్టి కాంక్రీటు సైలోను నమ్మకంగా దెబ్బతీయాలంటే దాడిచేసేవాడు ఒక్కోదాని మీదా రెండు వార్‌హెడ్లు ఖర్చు పెట్టాలి. అంటే 320 సైలోలకు 640. రష్యాతో చేసుకున్న న్యూస్టార్ట్ అణ్వస్త్ర పరిమితి ఒప్పందం అమలులో ఉన్నంతకాలం అమెరికా మోహరించగలిగింది 1,550. అందులో అంత భాగం చైనా సైలోలకే పోతే రష్యాకు ఎన్ని మిగులుతాయి? సైలోల్లో సగం ఖాళీగా ఉన్నా సరే, ఏవి ఖాళీయో తెలియనంతకాలం లెక్క మారదు. పైగా ఆ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది.

చైనా ఈ ఖర్చుకు ఎందుకు దిగింది? దాని భయమూ నిరాధారం కాదు. శత్రు క్షిపణులను అడ్డుకునే ఆయుధాలకు హద్దు పెడుతూ సోవియట్ యూనియన్‌తో చేసుకున్న ఒప్పందం నుంచి అమెరికా 2002లో తప్పుకుని అలాస్కాలో, కాలిఫోర్నియాలో కలిపి 44 అడ్డగింపు క్షిపణులు పెట్టింది. ఉత్తర కొరియా కోసమని చెప్పినా, బీజింగ్ వేసుకున్న లెక్క వేరు: ముందుగా అమెరికా దాడి చేసి సగం క్షిపణులు తుడిచేస్తే, మిగిలిన కొన్నిటినీ ఆ 44 ఆపేస్తే, తమ ప్రతీకారం ఏమవుతుంది?

పెరుగుదలకు పదార్థపు హద్దు కూడా ఉంది. ఆయుధాలకు పనికొచ్చే ప్లుటోనియం తయారీని చైనా 1990 ప్రాంతానికే ఆపేసింది. నిల్వ 2.9 టన్నుల చుట్టూ ఉంటుందని స్వతంత్ర నిపుణుల అంచనా. వార్‌హెడ్‌కు 4 కిలోలనుకుంటే 700 చిల్లర వస్తాయి. 1,000 దాటాలంటే కొత్త ప్లుటోనియం కావాలి. ఫుజియాన్ తీరంలోని షియాపులోని రెండు 600 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ల మీద అందరి కళ్లూ పడింది ఇందుకే. మన కల్పాక్కంలోని 500 మెగావాట్ల రియాక్టరూ ఈ జాతిదే. గర్భం చుట్టూ పేర్చిన యురేనియం-238 న్యూట్రాన్లను పీల్చుకుని ప్లుటోనియం-239గా మారుతుంది. మామూలు రియాక్టరులో ఏళ్ల తరబడి మండిన ఇంధనంలో ప్లుటోనియం-240 పేరుకుంటుంది. అది తనంతట తానే న్యూట్రాన్లు వదులుతుంది కాబట్టి బాంబు పూర్తిగా నొక్కుకోక ముందే గొలుసు చర్య మొదలై తుస్సుమనే ప్రమాదం ఉంటుంది. బ్రీడర్ చుట్టూ దొరికే సరుకులో ఈ 240 చాలా తక్కువ. విద్యుత్తు కోసమేనని చైనా అంటోంది.

సముద్రంలో చైనా ఇంకా వెనకే ఉంది. హైనాన్ దీవి స్థావరంగా ఉన్న ఆరు టైప్-094 జలాంతర్గాముల్లో మొదట అమర్చిన జేఎల్-2 క్షిపణి 7,200 కిలోమీటర్లే పోతుంది. దక్షిణ చైనా సముద్రం నుంచి వదిలితే అమెరికా ప్రధాన భూభాగం అందదు. తైవాన్, ఫిలిప్పీన్స్‌ల మధ్య ఉన్న లుజాన్ జలసంధి దాటి పసిఫిక్‌లోకి వెళ్దామంటే అక్కడ అమెరికా, జపాన్ నౌకాదళాలు చెవులు రిక్కించి ఉంటాయి, ఈ జలాంతర్గాములు చూస్తే చప్పుడెక్కువ. విశాఖపట్నంలో తయారైన అరిహంత్‌కూ తొలి రోజుల్లో ఇదే చిక్కు. 750 కిలోమీటర్ల కె-15 క్షిపణితో బంగాళాఖాతం నుంచి చేయగలిగింది తక్కువే, 3,500 కిలోమీటర్ల కె-4 వచ్చాకే ఆ దళానికి అర్థం ఏర్పడింది. చైనా కూడా ఇప్పుడు దాదాపు 10,000 కిలోమీటర్ల జేఎల్-3కి మారుతోంది.

సంఖ్యల కన్నా ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటుంది. శత్రువు క్షిపణి లేచిందని తెలియగానే, అది పడకముందే ఎదురు క్షిపణులు వదిలే పద్ధతి వైపు చైనా జరుగుతోంది. ఉపగ్రహాలు, రాడార్లతో ముందస్తు హెచ్చరిక వ్యవస్థ కడుతోంది. అందులో రష్యా సాయం చేస్తోందని 2019లో పుతిన్ స్వయంగా చెప్పారు. ఖండాంతర క్షిపణి ప్రయాణం దాదాపు 30 నిమిషాలు, దగ్గరికొచ్చిన జలాంతర్గామి నుంచైతే అందులో సగం. ఇలాంటి వ్యవస్థలు తప్పుడు హెచ్చరికలు ఇస్తాయి. 1980 జూన్‌లో ఒక చిన్న చిప్ పాడై, సోవియట్ క్షిపణులు వందల్లో వస్తున్నాయని అమెరికా తెరలపై కనిపించింది. 1983 సెప్టెంబరు 26న మేఘాలపై పడిన ఎండ మెరుపును సోవియట్ ఉపగ్రహం ఐదు క్షిపణులుగా పొరబడితే, స్టానిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి నమ్మకపోవడం వల్ల గండం గడిచింది. అమెరికా, రష్యాలకు ఏళ్ల తరబడి అనుభవం ఉన్నా అంతే. చైనాకు ఆ అనుభవమే లేదు.

దీనికి తోడు డీఎఫ్-26 క్షిపణి. దాదాపు 4,000 కిలోమీటర్ల పరిధి, పసిఫిక్‌లోని అమెరికా దీవి గువాంలో ఉన్న స్థావరం అందులోకి వస్తుంది. అదే వాహనం మీద మామూలు వార్‌హెడ్ పెట్టొచ్చు, అణు వార్‌హెడ్ పెట్టొచ్చు. తైవాన్ మీద యుద్ధం వస్తే గువాం వైపు లేచిన దానిలో ఏముందో రాడార్ చెప్పలేదు. దాన్ని నేలమీదే పేల్చేయడానికి అమెరికా బాంబులు వేస్తే, తమ అణుబలం మీదే దాడి జరుగుతోందని చైనా అనుకోవచ్చు. ఏ దేశమూ కోరుకోని అణుయుద్ధం మొదలయ్యే దారుల్లో, నా దృష్టిలో, ఇదే అన్నిటికన్నా దగ్గరిది. ఉన్నట్టుండి అమెరికా మీద చైనా అణుదాడికి దిగుతుందన్నది మాత్రం లెక్కకు నిలవదు. సముద్రంలో దాగిన అమెరికా జలాంతర్గాముల జవాబు నుంచి చైనాకు ఏ సైలోలూ రక్ష కాదు.

మామూలు సైనిక బలం సంగతి తైవాన్ దగ్గర ఒకలా, కాలిఫోర్నియా దగ్గర ఇంకోలా ఉంటుంది. నౌకల సంఖ్యలో చైనాదే పైచేయి. విమానవాహక నౌకలు మాత్రం దానికి మూడు, అమెరికాకు 11. తైవాన్ జలసంధి ఇరుకైన చోట 130 కిలోమీటర్లే కనుక తీరంలోని క్షిపణులన్నీ చైనాకు అక్కరకొస్తాయి. పసిఫిక్ దాటి అమెరికా తీరంలో యుద్ధం చేసే బలం దానికి లేదు.

2024 సెప్టెంబరు 25న, 1980 తర్వాత తొలిసారిగా, చైనా ఒక ఖండాంతర క్షిపణిని హైనాన్ నుంచి దక్షిణ పసిఫిక్‌లోకి వదిలింది. అమెరికాకు ముందే కబురు పెట్టింది. ఆ కబురు ఒప్పందం ప్రకారం వచ్చింది కాదు. అమెరికా, రష్యాల మధ్య క్షిపణి ప్రయోగాల ముందస్తు సమాచారానికి 1988 నుంచి ఒప్పందం ఉంది. రష్యాతో చైనా 2009లో చేసుకుంది. నాలుగు యుద్ధాలు చేసిన భారత్, పాకిస్తాన్‌లు సైతం 2005లో రాసుకున్నాయి, కనీసం మూడు రోజుల ముందు చెప్పుకుంటున్నాయి. వాషింగ్టన్, బీజింగ్‌ల మధ్య అలాంటి కాగితం లేదు. తైవాన్‌కు ఆయుధాల అమ్మకాన్ని కారణంగా చూపి చైనా 2024 జులైలో అణు నియంత్రణ చర్చలనే ఆపేసింది. అదే ఏడాది నవంబరులో లిమాలో బైడెన్, షీ జిన్‌పింగ్ ఒక్క మాట మీద ఏకీభవించారు: అణ్వస్త్రం వాడాలా వద్దా అన్న నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలి, కృత్రిమ మేధకు అప్పగించకూడదు.