షెపర్డ్స్ పై: ఓవెన్ పని ‘పై’ వరకే (అపోహలు - వాస్తవాలు)

శ్రీకాకుళంలో వంట తరగతులు నడపడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. అంతకు ముందు పదకొండేళ్లు సరుకు ఓడల్లో వంటవాడిగా పనిచేశాను. అడుగున కైమా, దాని మీద మెత్తగా మెదిపిన బంగాళాదుంప, అన్నిటికన్నా పైన ఎర్రగా కాలిన పొర ఉండే షెపర్డ్స్ పై గురించి నన్ను అడిగినంతగా మరే విదేశీ వంటకం గురించీ ఇక్కడ ఎవరూ అడగలేదు. చదువులకు ఇంగ్లండు వెళ్లిన పిల్లలు అక్కడి చలిలో ఆ వేడి వేడి ముద్దకు అలవాటుపడి, సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు అమ్మను చేయమంటారు. ఆ తల్లులు నాలుగు వీడియోలు చూసి, ఆరుగురి సలహాలు విని, ఏది నమ్మాలో తెలియక బెంగపడి నాకు ఫోన్ చేస్తారు. వారి బెంగను నేను తప్పు పట్టను. చేసి చూడకుండానే సలహాలిచ్చే ఆ ఆరుగురి మీదే నాకు ఓపిక తక్కువ.

పేరు దగ్గరే ఒక చిక్కుంది. మన భాషలో ‘పై’ అంటే మీద అని అర్థం కనుక ‘కైమా పై’ అని రాస్తే కైమా మీద ఇంకేదో ఉందనుకుంటారు. ఈ వంటకం విషయంలో ఆ పొరపాటు కూడా ఒక విధంగా సరైనదే, ఎందుకంటే ఓవెన్ చేసే పనంతా పైనే ఉంటుంది. కింది అపోహ మొత్తం ఆ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లనే పుట్టింది.

అపోహ: పచ్చి కైమాకు మసాలా పట్టించి అడుగున పరిచి, మెదిపిన దుంపను మీద పేర్చి ఓవెన్‌లో పెడితే, దమ్ బిర్యానీలాగా అంతా కలిసి ఉడుకుతుంది.

ఉడకదు. కనుమ నాటి రాత్రి ఎనిమిదిన్నరకు ఆమదాలవలస నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, “ఏటి బాబూ, ఇలాగైపోనాది? పైనేమో ఎర్రగా కాలింది, గరిట దింపితే నీరు కారతంది” అన్నారు. ఈ ఒక్క వంటకం కోసమే ఆమె కొత్తగా ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కొన్నారు, కిలో కైమా కొట్టించారు, ఇంటినిండా చుట్టాలున్నారు, కొడుకు పళ్లెం ముందు కూర్చున్నాడు. ఓవెన్‌లో నలభై నిమిషాలు ఉన్న తరువాత కూడా మాంసం మధ్యలో గులాబీ రంగులోనే ఉందని చెప్పేటప్పటికి ఆమె గొంతు వణికింది. పారవేయవద్దనీ, పచ్చి రసం తగిలింది కనుక దుంపతో సహా మొత్తాన్ని మూకుడులోకి తీసి, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లితో బాగా మగ్గించి కైమా దుంపల కూరగా వడ్డించమనీ చెప్పాను. ఆ పూట అలా గడిచిపోయింది. అయితే అలాంటి ఫోన్లు ఏడాదికి పదికి తగ్గకుండా వస్తాయి, అందరూ బిర్యానీ పోలికే చెబుతారు.

ఆ పోలిక ఎందుకు చెల్లదో కొంచెం వివరంగా చెప్పాలి. దమ్ బిర్యానీలో మాంసం గిన్నె అడుగున, నిప్పుకు ఆనుకొని ఉంటుంది. మూత అంచుకు పిండి పెట్టి ఆవిరి పోకుండా బిగిస్తాము. మాంసం వదిలిన నీటిని సగమే ఉడికిన బియ్యం పీల్చుకుంటుంది. ఇక్కడ ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. గాజు లేదా పింగాణీ పాత్ర నెమ్మదిగా వేడెక్కుతుంది, మూత ఉండదు, మీద ఉన్న దుంప అప్పటికే పూర్తిగా ఉడికి నీటితో నిండి ఉంటుంది. కొవ్వు లేని పచ్చి మాంసం బరువులో నూటికి 70 పాళ్లకు పైగా నీరే కనుక, అది వేడెక్కుతున్న కొద్దీ వదిలే రసానికి పోయే దారి లేక, అంచుల వెంబడి పైకి పొంగి దుంపను జావగా మారుస్తుంది. దానికి తోడు, రెండంగుళాల మందాన పరిచిన మెదిపిన దుంప వేడిని లోపలికి అంత తొందరగా పోనివ్వదు. ఓవెన్‌లో గాలి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్నా, పొర కింద మాంసం గోరువెచ్చగానే ఉండిపోవచ్చు. పైన ఎరుపెక్కిందంటే పైభాగంలో తడి ఆరిందని మాత్రమే అర్థం, లోపలి సంగతి ఆ రంగు చెప్పదు.

ఇది రుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. మాంసం ముక్కగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులు చాలావరకు దాని పైభాగం మీదే ఉంటాయి. కైమాగా కొట్టినప్పుడు ఆ పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది. అందుకే కైమా ఏ మూల చూసినా కనీసం 71 డిగ్రీల వేడికి చేరాలన్న నియమం పెట్టారు.

అసలు ఈ వంటకం పుట్టిందే వండిన మాంసంతో. ఇంగ్లండులో 1791 నాటికే ‘కాటేజ్ పై’ అన్న పేరు కనబడుతుంది, ‘షెపర్డ్స్ పై’ అన్న పేరు పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో వాడుకలోకి వచ్చింది. కాల్చిన మాంసంలో మిగిలిపోయిన దానిని సన్నగా తరిగి, దుంపతో కప్పి మళ్లీ వేడి చేసుకోవడం దాని పద్ధతి. గొర్రె మాంసమైతే షెపర్డ్స్ పై, గొడ్డు మాంసమైతే కాటేజ్ పై అన్న పట్టింపు తరువాతిది. నేను పనిచేసిన ఓడలోనూ ఇదే వరుస నడిచేది: ఆదివారం కాల్చిన గొర్రె తొడలో మిగిలింది సోమవారం ‘పై’గా మారేది. నాకు పని నేర్పిన చీఫ్ కుక్ గోవా నుంచి వచ్చినవాడు. ఒకసారి నడిసముద్రంలో ఓవెన్ చెడిపోయినప్పుడు ఆయన ఏ మాత్రం కంగారుపడకుండా కైమాను పొయ్యి మీదే దగ్గరపడేదాకా ఉడికించి, మెదిపిన దుంపను వెన్నతో ఇనుప పెనం మీద అట్టులా ఎర్రగా కాల్చి, దాన్ని తిరగేసి పళ్లెంలో కైమా మీద వేసి ఇచ్చాడు. ఓవెన్ లేదన్న సంగతి తిన్నవారిలో సగం మందికి తెలియనే లేదు.

కాబట్టి వాస్తవం ఇది: షెపర్డ్స్ పై పొయ్యి మీద పూర్తయ్యే వంట. ఓవెన్‌లోకి వెళ్లేటప్పటికి మాంసం, దుంప రెండూ అప్పటికప్పుడు తినడానికి సిద్ధంగా ఉండాలి.

నలుగురైదుగురికి అరకిలో కైమా, కిలో బంగాళాదుంపలు సరిపోతాయి. వెడల్పాటి మూకుడు బాగా కాలిన తరువాత కైమాను రెండు మూడు విడతలుగా వేయించాలి. ఒకేసారి కుమ్మరిస్తే నీరూరి, వేగవలసింది ఉడుకుతుంది. (పెద్ద మంట మీద వేయిస్తే రసం లోపలే బందీ అవుతుందన్న మాట జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ కాలం నుంచి వినబడుతూనే ఉంది, అది నిజం కాదు; వేయించేది రుచి కోసం, రంగు కోసం.) తరువాత సన్నగా తరిగిన ఉల్లిపాయలు, క్యారెట్, వెల్లుల్లి వేసి మగ్గించి, చెంచాడు మైదా చల్లి, రెండు టమాటాలు, మునిగేంత నీరు పోసి సన్నని సెగ మీద ఉంచాలి. విదేశీ పుస్తకాలు లేత గొర్రె మాంసాన్ని దృష్టిలో ఉంచుకొని ఇరవై నిమిషాలు చాలంటాయి. మన మాంసం కొట్టులో దొరికే మేకపోతు కైమాకు ముప్పావుగంట పడుతుంది. కుక్కర్‌లో పెడితే మూడు నాలుగు కూతల తరువాత మూత తీసి నీరు ఇగరబెట్టాలి. మూకుడు అడుగున గరిటతో గీత గీసినప్పుడు ఆ దారి వెంటనే మూసుకుపోకుండా ఉంటే కైమా దగ్గరపడినట్టు. ఇది నా విద్యార్థులకు నేను పెట్టే ఏకైక పరీక్ష. పాత్రలో పరిచాక పది నిమిషాలు ఆరనిచ్చి, దుంపను నడిమధ్యన కుప్ప పోయకుండా అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకు పేర్చుకుంటూ వస్తే, అది కిందికి కుంగదు, రసమూ పైకి తన్నదు. మీద ఫోర్కుతో చాళ్లు గీసి కరిగిన వెన్న రాస్తే, ఆ గట్లు ముందుగా ఆరి ఎర్రబడతాయి.

ఇంత అయ్యాక ఓవెన్‌కు మిగిలింది పైపొరను ఎర్రబరచడం ఒక్కటే. ఉంటే 200 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలు ఉంచండి. లేకపోతే ఈ వంట కోసం కొనకండి. గ్రిల్ లేని మైక్రోవేవ్ దీనికి పనికిరాదు, అది వేడి చేస్తుంది కానీ ఎర్రబరచదు. మా అమ్మమ్మ దిబ్బరొట్టెకు మూత మీద నిప్పులు పోసి పైనుంచి సెగ తగిలించేది. కుంపటి ఉన్న ఇంట్లో దళసరి ఇనుప మూతతో అదే పని ఈ ‘పై’కీ చేయవచ్చు. నేను చేసి చూశాను, ఓటీజీ కంటే మేలైన రంగు వచ్చింది. బొగ్గులు లేనివారికి మా చీఫ్ కుక్ పెనం ఉపాయం ఉండనే ఉంది.

మిగిలిన అపోహలకు ఇంత చోటు అవసరం లేదు.

దుంపను మిక్సీలో వేస్తే నున్నగా వస్తుందంటారు. బంకలా వస్తుంది. మిక్సీ కత్తులు దుంప కణాలను చీల్చడంతో పిండి పదార్థమంతా బయటపడి జిగురవుతుంది. పప్పుగుత్తి చాలు, అంతకన్నా నున్నగా కావాలంటే సన్నకారప్పూస బిళ్ల పెట్టిన జంతికల గొట్టంలో వేడిగా ఉండగానే ఒత్తండి, విదేశాల్లో దీనికోసం వేరుగా అమ్మే సాధనం కూడా అటువంటిదే. ఉడికిన దుంపను నీరు వంచి రెండు నిమిషాలు పొయ్యి మీద పొడిగా తిప్పి, పాలు వేడిగా పోయడం మరువవద్దు. పిండి ఎక్కువగా ఉండే పాత దుంపలు దీనికి తగినవి; పలుచని తొక్కతో వచ్చే కొత్త దుంపలను వేపుడుకు ఉంచుకోండి.

వూస్టర్‌షైర్ సాస్ లేకపోతే అసలు రుచి రాదన్నది మరొకటి. ఆ సీసా మీద రాసిన దినుసులు చదవండి: వినిగర్, మొలాసిస్ (చెరకు మడ్డి), ఉల్లి, వెల్లుల్లి, చింతపండు, ఆంకోవీ చేప. ఆంకోవీ మన నెత్తళ్ల కుటుంబానికి చెందినదే. ఎండు నెత్తళ్లు, చింతపండు, బెల్లం లేని వంటిల్లు మన సముద్ర తీరాన ఎక్కడుంది? వేయించి పొడి చేసిన నాలుగు ఎండు నెత్తళ్లు, చెంచాడు చిక్కటి చింతపండు పులుసు, చిటికెడు బెల్లం కైమాలో వేసి చూడండి. చేప వాసన రాదు, రుచికి లోతు వస్తుంది.

చీజ్ తప్పనిసరి కాదు.

బంగాళాదుంప వాతమనీ, పెద్దవారికి పెట్టకూడదనీ తరగతిలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఫ్రాన్సులో ఒకప్పుడు ఈ దుంప తింటే కుష్ఠు వస్తుందని భయపడ్డారు. పార్మాంతియే అనే ఔషధ నిపుణుడి కృషి ఫలితంగా 1772లో పారిస్ వైద్య విద్వత్సభ అది తినదగిన ఆహారమేనని ప్రకటించింది, ఇదే రకం వంటకాన్ని అక్కడ నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. చక్కెర వ్యాధి ఉన్నవారు దుంప వాటా తగ్గించుకోవాలన్నది నిజం. అంతకు మించి, పళ్లు ఊడిన పెద్దవారికి మాంసం రుచి చూపించడానికి ఇంత అనువైన వంట నాకు మరొకటి తెలియదు. మా నాన్న చివరి రెండేళ్లు అన్నంలో ముక్క నమలలేక మాంసమే మానుకున్నప్పుడు, కైమాను మరికొంత మెత్తగా ఉడికించి, కారం తగ్గించి చిన్న గిన్నెలో చేసి పెట్టేవాడిని. “ఏ దేశపు కూరరా ఇది” అని ప్రతిసారీ అడిగేవాడు, గిన్నె మాత్రం ఖాళీ చేసేవాడు.

పచ్చరంగు తిరిగిన దుంపను ఉడికిస్తే దోషం పోతుందన్నది కూడా అపోహే. అందులోని సొలనిన్ అనే విషపదార్థం ఉడికినంత మాత్రాన పోదు. పచ్చగా ఉన్న భాగాన్ని, మొలకలను లోతుగా చెక్కి తీయండి. పచ్చదనం ఎక్కువగా ఉంటే దుంపనే పారవేయండి.

చివరిగా, బాగా ఉడికింది కదా అని రాత్రంతా గట్టు మీద వదిలేయడం గురించి. ఉడకడం వల్ల చావని బీజాలు కొన్ని సూక్ష్మజీవులకు ఉంటాయి. లోతైన పాత్రలో నెమ్మదిగా చల్లారే మాంసం వాటికి అనువైన చోటు, మన కోస్తా ఉక్కలో మరీను. రెండు గంటలలోపు చిన్న చిన్న పాత్రల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు మూడు రోజుల్లో వాడేయండి. మళ్లీ వేడి చేసేటప్పుడు మూతపెట్టి, మధ్యలో చాకు గుచ్చి తీస్తే అలుగు చేతికి చురుక్కుమనేదాకా ఉంచండి. ముందురోజే చేసి పెట్టుకోవడం తప్పేమీ కాదు, పైగా కైమా మరునాటికి ఇంకా రుచిగా ఉంటుంది. కాకపోతే చల్లటి పాత్ర లోపలి దాకా వేడెక్కడానికి ఓవెన్‌లో ఇరవై నిమిషాలకు బదులు 180 డిగ్రీల వద్ద నలభై నిమిషాలకు పైగా పడుతుంది.

ఆమదాలవలస పెద్దావిడ ఆ తరువాత రెండు ఆదివారాలు తరగతికి వచ్చి, కైమాను గీత పరీక్ష దాకా ఇగరబెట్టడం నేర్చుకొని వెళ్లారు. కొడుకు ఇంగ్లండు తిరిగి వెళ్లే ముందురోజు పెనం మీద కాల్చిన దుంపతో మళ్లీ చేసి పెట్టారట. ఓటీజీని ఏం చేశారని అడిగితే, అందులో ఇప్పుడు పలాస జీడిపప్పు వేయించుకుంటున్నామని చెప్పారు.