రఫేల్ ముక్కు మీది కొమ్ము

రఫేల్ యుద్ధవిమానం ఫొటో చూపిస్తే పిల్లల వేలు ముందు దాని ముక్కు మీది కొమ్ము మీదికే పోతుంది. "ఇదేనా గన్?" అంటారు. పెద్దవాళ్లూ తక్కువేం తినలేదు. నిజానికి అది గాల్లో ఉండగానే ట్యాంకర్ విమానం నుంచి ఇంధనం తాగే గొట్టం, ప్రోబ్. అసలు గన్ కుడి రెక్క మొదట్లో ఒక కన్నం వెనక దాక్కుంటుంది. 30 మిల్లీమీటర్లది, 125 గుండ్లు పడతాయి. నిమిషానికి 2,500 చొప్పున పేలిస్తే మూడు సెకన్లలో ఖాళీ.

గురి కుదరాలంటే గన్‌కు ముక్కును మించిన చోటు లేదు. కానీ అక్కడ రాడార్ ముందే కాపురం పెట్టేసింది. అమెరికా ఎఫ్-18లో మాత్రం రెండింటినీ ఇరికించారు, కింద రాడార్, పైన గన్. చాలా విమానాల్లో గన్ రెక్క మొదటికో పొట్ట కిందికో తరలిపోయింది. అలా పక్కకు జరిగిన గన్ పేలినప్పుడల్లా వెనక్కి తన్నుతుంది, విమానం ముక్కు ఆ వైపు లాగుతుంది. నేల మీది లక్ష్యాలను కొట్టే ఎ-10లోనైతే ఈ తన్ను దాని ఒక ఇంజిను బలంతో పోల్చదగ్గంత! అందుకే దాని గన్‌కుండే, గుండ్రంగా తిరిగే ఏడు గొట్టాల్లో పేలే గొట్టం సరిగ్గా నడిమధ్యకు వచ్చేలా మొత్తం గన్‌ను కాస్త ఎడమకు జరిపారు. చోటు చాలక ముందు చక్రం కుడికి పోయింది. ఆ విమానంలో ఎవరి మాట చెల్లిందో చక్రాన్ని చూస్తే తెలుస్తుంది.

పొగది ఇంకో గొడవ. మన వైమానిక దళం 1957 నుంచి నడిపిన హంటర్ యుద్ధవిమానానికి ముక్కు కింద నాలుగు గన్లు. బ్రిటన్‌లో దాని తొలి రకంలో గన్లు పేలిస్తే ఆ వాయువులు లోపలికి పోయి ఇంజిను ఉక్కిరిబిక్కిరయ్యేది. గుండ్లను కలిపే లింకులు ఊడిపడి పొట్ట రేకును దెబ్బతీసేవి. వాటిని పట్టడానికి తర్వాత కింద రెండు ఉబ్బెత్తు డబ్బాలు తగిలించారు.

ప్రోబ్ కష్టాలు వేరు. ట్యాంకర్ వెనక ఇంధనం గొట్టం చివర వేలాడే బుట్టలో దాన్ని దూర్చాల్సింది పైలటే కాబట్టి అది అతని కంటికి ఆనాలి. పైగా విమానం ముక్కు నెట్టుకొచ్చే గాలి చివరి క్షణంలో బుట్టను పక్కకు తోసేస్తుంది. సూదిలో దారం ఎక్కిస్తుంటే ఎవరో ఊదినట్టే. సుఖోయ్-30లో గన్ కుడివైపు ఉంటే, ప్రోబ్‌ను ఎడమవైపు మడిచి దాస్తారు. రఫేల్, తేజస్‌లలో అది బయటే బిగించి ఉంటుంది. గాలికి అడ్డమే, కానీ మడిచే యంత్రం బరువు తప్పుతుంది, అది మొరాయిస్తుందన్న భయమూ ఉండదు. అలాంటి ప్రోబ్‌తోనే తేజస్ 2018 సెప్టెంబరులో 20,000 అడుగుల ఎత్తున 1,900 కిలోల ఇంధనం తాగింది.

ఎఫ్-16కు ఈ తిప్పలు లేవు. ఇంధనం రంధ్రం వీపు మీద, పైలట్ వెనక ఉంటుంది. ట్యాంకర్‌లోని మనిషే పొడవాటి గొట్టం దించి అందులో పెడతాడు. మన ఐఎల్-78 ట్యాంకర్లకు ఆ గొట్టం లేదు, ఉన్నవి బుట్టలే.