అయస్కాంత పదార్థాల్లో టోపాలజీ: అపోహలు - వాస్తవాలు

ఒక అయస్కాంత పదార్థంలో ఎలక్ట్రాన్ బ్యాండ్లు (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తి పట్టీలు) ఎలా ఉంటాయో కంప్యూటర్‌లో లెక్కగట్టి, అందులో టోపలాజికల్ దశ (బ్యాండ్ల అల్లిక వల్ల వచ్చే, చిన్నచిన్న మార్పులకు చెదరని స్థితి) ఉందో లేదో ముందుగా చెప్పడం మా పని. దీనిమీద తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: స్ఫటిక నిర్మాణం ఇస్తే చాలు, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది.

వాస్తవం: పరమాణువులు ఎక్కడున్నాయో చెబితే సరిపోదు, వాటి స్పిన్‌లు (ఒక్కో పరమాణువులోని చిన్న అయస్కాంతాలు) ఎటు తిరిగి ఉన్నాయో కూడా చెప్పాలి. మామూలు స్ఫటికాలకు 230 స్పేస్ గ్రూపులు (సౌష్ఠవాన్ని బట్టి చేసిన వర్గాలు) ఉంటే, స్పిన్‌లనూ కలుపుకుంటే 1651 అవుతాయి. స్పిన్ దిశ మారితే సౌష్ఠవం మారవచ్చు, దాంతో జవాబూ మారవచ్చు. ఆ దిశలు ఎక్కువగా న్యూట్రాన్ ప్రయోగాల్లోనే తెలుస్తాయి. 2020లో నేచర్ పత్రికలో వచ్చిన భారీ సర్వే కూడా బిల్బావో డేటాబేస్‌లో అయస్కాంత నిర్మాణం నమోదై ఉన్న 403 పదార్థాలను తీసుకుంది. వాటిలో 130 టోపలాజికల్ అని తేల్చింది. ప్రయోగం చేసేవాళ్లు లేకపోతే మా లెక్క మొదలే కాదు.

అపోహ: లెక్క వచ్చిందంటే అదే ఖాయం.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే. మాంగనీస్, యూరోపియం లాంటి పరమాణువుల్లో ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ బలంగా ఉంటుంది. మామూలు డీఎఫ్‌టీ పద్ధతి (ఎలక్ట్రాన్ల సాంద్రత ఆధారంగా లెక్కగట్టే డెన్సిటీ ఫంక్షనల్ థియరీ) దాన్ని సరిగ్గా పట్టుకోలేదు కాబట్టి, ఆ వికర్షణ బలాన్ని సూచించే 'యు' అనే విలువను విడిగా చేరుస్తాం. ఆ విలువ మారిస్తే కొన్ని పదార్థాల దశే మారిపోతుంది. పైగా డీఎఫ్‌టీ గ్యాప్‌ను (బ్యాండ్ల మధ్య ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తి ఖాళీని) తక్కువ చేసి చూపడం పాత సమస్యే.

యూరోపియం కాడ్మియం ఆర్సెనైడ్‌నే చూడండి. స్పిన్‌లన్నీ ఒకే దిశలో నిలిస్తే అందులో ఒకే ఒక్క జత వైల్ బిందువులు (రెండు బ్యాండ్లు గ్యాప్ లేకుండా కలిసే చోట్లు) ఉంటాయని లెక్కలు చెప్పాయి. ఇంత సరళమైన వైల్ పదార్థం దొరికిందని అందరం సంబరపడ్డాం. 2023లో మేలైన స్ఫటికాలపై కాంతితో కొలిస్తే 0.77 ఎలక్ట్రాన్ వోల్ట్ గ్యాప్ కనిపించింది. అంటే అది వైల్ పదార్థం కాదు, సెమీకండక్టర్. అందుకే ఏ 'యు' విలువల దాకా ఫలితం నిలుస్తుందో ప్రతి పేపర్‌లోనూ చెప్పి తీరాలంటాను.

అపోహ: ఇవన్నీ కాగితం మీది జోస్యాలు.

వాస్తవం: క్రోమియం కలిపిన బిస్మత్ టెల్యురైడ్ తరహా పలుచని పొరల్లో, బయటి అయస్కాంత క్షేత్రం లేకుండానే క్వాంటం హాల్ ప్రభావం (కరెంటుకు అడ్డంగా కొలిచే నిరోధం కచ్చితమైన స్థిర విలువ దగ్గర నిలవడం) వస్తుందని 2010లో లెక్కించారు. 2013లో బీజింగ్‌లో అది నిజంగానే కనిపించింది, కాకపోతే 30 మిల్లీకెల్విన్ చలిలో. 2020లో ఐదు పొరల మాంగనీస్ బిస్మత్ టెల్యురైడ్ దాన్ని 1.4 కెల్విన్‌కు తెచ్చింది. ఈ పదార్థంలో స్పిన్‌ల క్రమం దాదాపు 25 కెల్విన్ దాకా నిలుస్తుంది. ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య ఇంత తేడా ఎందుకన్న దానిమీదే ఇప్పుడు చాలామంది పనిచేస్తున్నారు.