కొండ మీది వెండి, బందరు రేవు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. చరిత్ర పాఠం చదివాక మీలో ఒకరికి వచ్చిన సందేహం, "ఓడల్లో వచ్చిన గుప్పెడు మంది అంతంత పెద్ద రాజ్యాలను ఎలా గెలిచారు తాతయ్యా, అక్కడివాళ్లకూ మనవాళ్లకూ చేతకాలేదా?" అన్నది చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. చేతకాకపోవడం అన్న మాటను ముందు పక్కన పెట్టండి. అమెరికాలో జరిగింది వేరు, ఆసియాలో జరిగింది వేరు. రెండింటినీ కలిపింది మాత్రం ఒక కొండ.

అమెరికా సంగతి తొందరగా చెప్పేస్తాను. 1519లో కోర్టెస్ అనే స్పెయిన్ దేశస్థుడు సుమారు అయిదు వందల మందితో మెక్సికో తీరాన దిగాడు. అక్కడ ఏలుతున్న ఆజ్టెక్ ప్రభువులంటే పడని త్లాష్కాలా ప్రజలు వేల సంఖ్యలో అతని పక్షాన చేరారు. మరుసటి ఏడు మశూచి వచ్చింది. ఆ రోగం పేరైనా ఎరగని ఆ నేల మీద అది ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది, కొత్తగా గద్దెనెక్కిన క్విట్లావాక్ రాజును కూడా వదలలేదు. 1521 ఆగస్టులో రాజధాని పడిపోయింది. పెరూలో 1532లో పిజారో వెంట ఉన్నది 168 మంది. అక్కడి ‘ఇంకా’ అనే రాజవంశపు రాజ్యంలో అన్నదమ్ముల యుద్ధం అప్పుడే ముగిసింది. గెలిచిన అటవాల్పాను మాటలకని పిలిచి బంధించారు, గది నిండా బంగారం పోయించుకున్నారు, అయినా మరుసటి ఏడు చంపేశారు. దీనిని శౌర్యమని ఎవరైనా చెబితే మీరు నమ్మవద్దు.

ఇప్పుడు ఆ కొండ దగ్గరకు వస్తాను. నేటి బొలీవియా దేశంలో, సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్ల ఎత్తున, అంటే మన తిరుమలకు నాలుగింతల ఎత్తున, పొటోసీ అనే ఊరుంది. అక్కడి కొండలో 1545లో వెండి బయటపడింది. మన పెసలైనా మొలవని అంత చలిలో, గాలి చాలని అంత ఎత్తున, కొన్ని దశాబ్దాలలోనే లక్షకు పైగా జనం ఉన్న పట్నం లేచింది. ‘ఇంకా’ రాజుల కాలంలో ప్రజలు వంతులవారీగా రాజ్యానికి చాకిరీ చేసే ఏర్పాటు ఒకటి ఉండేది. స్పెయిన్ అధికారి టొలేడో 1570లలో దానినే గనులకు తిప్పుకున్నాడు. ఆండీస్ పర్వత ప్రాంతాల ఊళ్ల నుంచి వయసొచ్చిన మగవారిలో ఏడుగురికి ఒకరు చొప్పున ఏటా రావలసిందే. కొవ్వొత్తి వెలుగులో నిచ్చెనలెక్కి ముడి రాయి మోసేవారు, బయట దానిని పొడి చేసి పాదరసం కలిపి తొక్కి వెండి తీసేవారు. ఊపిరితిత్తుల్లో దుమ్ము, ఒంట్లో పాదరసం. ఇంటికి తిరిగి రానివారు ఎందరో. మీరు పటంలో ఆ ఊరి మీద వేలు పెట్టినప్పుడు ఈ మనుషులను తలుచుకోవాలి. చరిత్ర చదవడమంటే ముందుగా అదేనని నా నమ్మకం.

ఆ వెండి ఎటు పోయిందో చెప్పాలంటే మా కృష్ణా డెల్టా కాలువలే నాకు దారి. పొటోసీని పెద్ద చెరువు అనుకోండి. లామాలనే జంతువుల వీపుల మీద తీరానికి, ఓడల్లో పనామాకు, కంచరగాడిదల మీద ఆ సన్నని నేల దాటి, మళ్లీ ఓడల్లో స్పెయిన్‌లోని సెవిల్ రేవుకు వెండి చేరేది. సెవిల్ తల తూము. తూము ఎవరి చేతిలో ఉంటే పంట వారిదే అనుకుంటాం గానీ, కట్టకు గండ్లు పడితే తూము ఎంత ఎత్తినా నీళ్లు నిలవవు. స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్‌కు యుద్ధాలే ఆ గండ్లు. గని రాబడిలో అయిదో వంతు రాజుదైనా, 1557లో, 1575లో, 1596లో ఆయన బాకీలు కట్టలేనని చేతులెత్తేశాడు. వెండి ఇటలీలోని జెనోవా షావుకార్ల చేతుల్లోకి, ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుల చేతుల్లోకి జారి, అక్కడి నుంచి ఇంకా కిందికి పారింది.

మాది కాలువ చివరి ఊరు. శివారు భూముల వాళ్లకు నీటి వంతు ఎప్పుడూ అర్ధరాత్రే వచ్చేది. నా చిన్నతనంలో మా తాతగారు లాంతరు పట్టుకుని నన్ను బోదె గట్టు మీదికి తీసుకువెళ్లేవారు. ముందు ఎండుటాకులు కదిలేవి, తర్వాత నేల నెరియల్లోంచి బుడగలు వచ్చేవి, ఆ తర్వాతే నీరు కనిపించేది. ఒక ఏడు పైవాళ్లు అడ్డుకట్ట వేసుకోవడంతో మూడు వంతులు మాకు చుక్క రాలేదు, నారు ఎర్రబడింది. తాతగారు ఎవరినీ తిట్టలేదు, కానీ పైనెక్కడో జరిగే పనికి కింద మన గింజ ఆధారపడి ఉందన్న సంగతి ఆ ఏడే నాకు తెలిసింది.

చైనాలోని మింగ్ సామ్రాజ్యానిది అచ్చంగా శివారు పొలం కథ. 16వ శతాబ్దంలో అక్కడ పన్నులన్నిటినీ కలిపి వెండిలోనే వసూలు చేసే పద్ధతి వచ్చింది. స్పెయిన్‌వారు 1571లో మనీలా పట్నం కట్టి, మెక్సికో తీరపు అకపుల్కో నుంచి పసిఫిక్ మీదుగా వెండి తెచ్చి చైనా పట్టు కొనేవారు, అంటే అటు వైపున మరో కాలువ తవ్వారన్నమాట. కోట్లమంది రైతులు పన్ను కట్టే లోహం ఎవరూ కనీవినీ ఎరగని కొండ నుంచి రావడం మొదలైంది. 1640ల ముందు ఆ రాక తగ్గడం వల్లనే 1644లో మింగ్ వంశం కూలిందా, కరవులు, తిరుగుబాట్లే అసలు కారణమా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. నా మటుకు నాకు కరవే ముందు నిలుస్తుంది. వెండి రాకపోవడం దానికి తోడైంది.

మరొక పాయ మన బందరుకే వచ్చింది. 1600 చివర ఇంగ్లీషు కంపెనీ, 1602లో డచ్చి కంపెనీ పుట్టాయి. సుగంధ ద్రవ్యాల కోసం నేటి ఇండోనేషియాలోని మలుకు దీవులకు వెళ్లిన డచ్చివారికి అక్కడ ఒక సంగతి తెలిసింది: ఆ దీవులవారు లవంగాలకూ జాజికాయలకూ బదులుగా అడిగేది మన తీరపు అద్దకపు బట్టలు. అందుకే వాళ్లు 1605లో మచిలీపట్నం వచ్చి, గోల్కొండ కుతుబ్‌షాహీల అనుమతితో కొట్టు పెట్టుకున్నారు. 1611లో ఇంగ్లీషువారూ వచ్చారు. వెండి, బంగారం తెచ్చి, టంకశాలలో ఇక్కడి నాణేలుగా మార్పించి, స్థానిక వర్తకుల ద్వారా నేతగాళ్లకు బయానా ఇచ్చి బట్టలు నేయించేవారు. ఇక్కడ వాళ్లు యజమానులు కారు, సుంకం కట్టే వర్తకులు మాత్రమే. అదే డచ్చివారు 1621లో బాండా దీవుల్లో, జాజికాయ తమకే దక్కాలని, వేలమందిని చంపి, తరిమి, దీవులను దాదాపు ఖాళీ చేశారు. అక్కడ అడ్డుపడగల రాజ్యం లేదు, ఇక్కడ ఉంది. మీ ప్రశ్నకు సగం జవాబు ఈ తేడాలో ఉంది.

సముద్రం మీద ఫిరంగులతో పోర్చుగీసువారు 1510లో గోవాను, 1511లో మలక్కాను పట్టుకున్న మాట నిజం. అయినా లోపలి సామ్రాజ్యాలను కదిలించడం ఎవరి తరమూ కాలేదు. 1686లో ఇంగ్లీషు కంపెనీ మొఘలుల మీద కయ్యానికి దిగి ఓడిపోయింది, 1690లో లక్షన్నర రూపాయల జరిమానా కట్టి ఔరంగజేబును క్షమాపణ వేడుకుంది. గోల్కొండను 1687లో జయించినది కూడా ఔరంగజేబే, ఓడల్లో వచ్చినవారు కారు. మొఘలుల బలం తగ్గి, సుబాలనే రాష్ట్రాలు ఎవరికివారై, ఒకరి మీద ఒకరు కంపెనీ తుపాకులను పిలుచుకున్నాకే ప్లాసీలో కంపెనీ బెంగాల్ నవాబును ఓడించిన 1757 లాంటి ఏళ్లు వచ్చాయి. త్లాష్కాలా ప్రజల కథ మీకు ఇక్కడ గుర్తుకు రావాలి.

ఇంకా చెప్పవలసినది ఉంది గానీ, ఒక వింతను నేను రాసేకంటే మీరు చూడడం మేలు. సెలవుల్లో బందరు వెళ్లండి. అక్కడి డచ్చివారి సమాధుల రాళ్ల మీద చెక్కిన అక్షరాలను, వంశచిహ్నాలను వేలితో తడమకుండా కళ్లతోనే చదవండి. అక్కడి నుంచి పెడన పోయి కలంకారీ పని చూడండి. కరక్కాయ నీటిలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద బెల్లంలో ఊరిన తుప్పు ఇనుము నీటితో అచ్చు వేస్తే, పడినచోటల్లా నలుపు తేలుతుంది. పటిక అచ్చు మాత్రం వేసినప్పుడు కంటికి సరిగా ఆనదు. ఆ బట్టను రంగు కాగులో వేసి ఉడికిస్తే పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. ఆ రోజుల్లో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. పొటోసీ వెండి భూగోళంలో సగం చుట్టి వచ్చింది ఆ ఎరుపు కోసమే. అలా ఎందుకవుతుందో నన్నడగకండి, పని చేసే వారినే అడగండి. ముందుగా అనుమతి తీసుకుని, వారి పనికి అడ్డం రాకుండా ఒక పక్కన నిలబడండి. చూసినది చూసినట్టు నాకు రాయండి.

మీ తాతయ్య